పర్దా వెనుక హిసాబ్

మా భయ్యా కూతురు ఇంజనీరు. హైదరాబాద్‌లో కూర్చుని, ఎక్కడో జర్మనీలో తయారు కాబోయే మెషీన్ల భాగాలు విరుగుతాయా, నిలుస్తాయా అని లెక్క కడుతుంది. ఆ మెషీన్ ఇంకా పుట్టి ఉండదు. కంప్యూటర్‌లోనే దాని మీద బరువు పెడతారు, వేడి చేస్తారు, ఊపి చూస్తారు. ఈ పనికి సిమ్యులేషన్ అని పేరు. ఇంట్లో బుజుర్గులకు ఈ నౌకరీ సంగతి అర్థం చేయించడం ఓ పెద్ద మసలా. "విరక్కముందే విరిచి చూస్తాం దాదీ" అంటుంది. "విరగ్గొట్టడానికి కూడా తన్‌ఖా ఇస్తారా!" అని మా అమ్మీ హైరాన్.

పోయిన ఏడాది ఓ ఆదివారం ఆ పిల్ల మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చింది. చాయ్ చల్లారిపోతున్నా తాగలేదు.

"ఏమైంది బేటా?"

"ఆఫీసులో ఒక సార్ సవాల్ అడిగారు చాచా. 'ఈ రెండు ప్లేట్లను ఎవరు అతికించారమ్మా' అని. నా దగ్గర జవాబు లేదు."

ఇరవై ఏళ్ళకు పైగా అఖ్‌బార్లలో పనిచేసినవాణ్ని. 'ఎవరు' అనే సవాల్ వినబడితే చెవులు నిక్కబొడుచుకుంటాయి. లాప్‌టాప్ తెరవమన్నాను.

ముందు రంగుల బొమ్మ చూపించింది. ఓ పంపును మోసే ఉక్కు బ్రాకెట్. ఒళ్ళంతా నీలం, ఆకుపచ్చ, అక్కడక్కడ పసుపు, ఒక మూల మాత్రం భగ్గుమనే ఎరుపు. "ఇక్కడ విరుగుతుందా?" అని కంగారుగా అడిగాను. నవ్వింది. "క్యా చాచా, లాల్ దేఖ్‌కో డర్ గయే?" ఎరుపంటే ఖత్రా అని కాదట. ఆ బొమ్మలో ఉన్న స్ట్రెస్ అంకెల్లో అన్నిటికంటే పెద్దది ఎక్కడుందో అక్కడ ఎరుపు పడుతుంది, అంతే. బరువు పదో వంతుకు తగ్గించినా అదే మూల అంతే ఎర్రగా ఉంటుంది. పక్కనున్న పట్టీలో అంకె ఒక్కటే మారుతుంది. బ్రాకెట్ వంగినట్టు కనబడటం కూడా కంటికి ఆనడం కోసం సాఫ్ట్‌వేర్ పెంచి చూపించే వంపే. ఇది నాకు చటుక్కున అర్థమైంది. మా పేజీలో ఏడు కాలమ్‌ల హెడ్డింగ్ పెట్టామంటే ముల్కు మునిగిపోయిందని కాదు, ఆ రోజు దొరికిన ఖబర్లలో అది పెద్దదని.

తర్వాత ఇంకో ఫైల్ తెరిచింది. అందులో రంగు లేదు, బొమ్మ లేదు. వరసగా లైన్లు, అంకెలు, కామాలు, పొట్టి పొట్టి హుకుంలు. లక్షకు పైగా లైన్లు. "ఈ రెండూ ఒకటే చాచా. నేను బొమ్మ మీద క్లిక్ చేస్తే, లోపల సాఫ్ట్‌వేర్ ఈ ఇబారత్ రాసి అసలు లెక్క కట్టే సాల్వర్‌కు పంపుతుంది. బొమ్మ మాకు, ఇది దానికి."

ఆ ఇబారత్ ఎక్కడ పుట్టింది, దాని మీద ఈ రంగుల పర్దా ఎప్పుడు పడింది అని వెతకడం ఆ రోజు మొదలుపెట్టాను. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్న నాకు ఇంజనీరింగ్‌తో ఏం వాస్తా అని అడగొచ్చు. కానీ ఇది జుబాన్ కిస్సా కూడా. అందుకే రాస్తున్నా.

ఈ లెక్క తర్కీబ్ పేరు ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్. పెద్ద వస్తువును ఒకేసారి లెక్క కట్టలేం కాబట్టి దాన్ని వేల చిన్న ముక్కలుగా కోసినట్టు ఊహించి, ఒక్కో ముక్కకు లెక్క వేసి, అన్నిటినీ మళ్ళీ కలుపుతారు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు విమానాల నిర్మాణం గురించి రాసిన వ్యాసం దీనికి పునాదుల్లో ఒకటి. 'ఫైనైట్ ఎలిమెంట్' అనే పేరు పెట్టింది 1960లో ఆ క్లఫే. అప్పట్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో ఒక్కో కేంద్రం తన సొంత ప్రోగ్రామ్ రాసుకునేది. అందరికీ కలిపి ఒకటి ఉండాలని 1960ల మధ్యలో ఫైసలా చేసి తయారు చేయించిందే నాస్ట్రాన్. 1970ల మొదట్లో అది బయటి కంపెనీలకూ అందింది. ఇవాళ్టికీ విమానాలు, కార్లు తయారుచేసే చోట దాని వారసులు నడుస్తూనే ఉన్నాయి.

నాస్ట్రాన్‌కు మెనూ లేదు, మౌస్ లేదు. ఉన్నదల్లా కార్డు. 1928లో ఐబీఎం తెచ్చిన 80 కాలమ్‌ల అట్టముక్క. అందులో చిల్లులు పొడిస్తే అంకెలు, అక్షరాలు. నాస్ట్రాన్ ఆ 80 కాలమ్‌లను 8 చొప్పున 10 గళ్ళు చేసింది. మొదటి గడిలో కార్డు పేరు, తర్వాతి గళ్ళలో విలువలు. ఒక్కో బిందువుకు ఒక కార్డు, ఒక్కో ముక్కకు ఒక కార్డు, లోహం గుణానికి ఇంకో కార్డు. మొత్తం కట్టను డెక్ అంటారు, పేకముక్కల కట్టలాగే. ఆ కట్ట చేజారి కిందపడితే తర్తీబ్ పోతుందని, కట్ట పక్కవాటంగా పెన్నుతో ఐమూలగా ఒక గీత గీసి పెట్టుకునేవాళ్ళు. గీత అతుకులతుకులుగా కనబడితే కార్డులు తారుమారైనట్టు. చిల్లులు పొడిచే కూలి పని ఎక్కువగా ఆడవాళ్ళదే. వాళ్ళ పేర్లు ఏ రిపోర్టు అట్టమీదా కనబడవు.

ఎనిమిదే కాలమ్‌లు. ఉక్కు సాంద్రతను టన్నులు, మిల్లీమీటర్లలో రాయాలంటే 0.00000000785. ఇది గడిలో పట్టదు. అందుకని 7.85 పక్కన నేరుగా మైనస్ 9 తగిలించి 7.85-9 అని రాస్తే, పది ఘాతం మైనస్ తొమ్మిది అని ప్రోగ్రామ్ అర్థం చేసుకునేటట్టు పెట్టారు. జాగా చాలక చేసుకున్న సర్దుబాటు ఇది. అట్టముక్క కార్డులు చెత్తబుట్టలోకి పోయి దశాబ్దాలైంది. మా పిల్ల లాప్‌టాప్‌లో మాత్రం ఆ రాత ఇవాళ్టికీ ఉంది. ఇప్పటికీ ఒక్కో లైన్‌ను 'కార్డు' అంటారు, ఫైల్‌ను 'డెక్' అంటారు. ఈ పిల్ల చేరిన కొత్తలో 7.85-9ని తీసివేత అనుకుందట. ఆ రాత ఎందుకలా ఉందో తెలిసిన వాళ్ళు రిటైరైపోతున్నారు.

ఆ జమానాను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అంకె 16వ కాలమ్ దాటి 17లోకి జారిందంటే రెండు ముక్కలై, సగం పక్క గడిలో పడేది. కార్డుల కట్ట కిటికీలో ఇచ్చి వచ్చాక, కాగితాల దొంతర మరుసటి రోజు చేతికొస్తే, మొదటి పేజీలోనే తప్పుందని రాసి ఉండేది. దొంతర సవ్యంగా వస్తే వందల పేజీల అంకెల్లో పెద్దది ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కోవాలి. అసలు మసలా కొలమానాలది. అంకె టన్నుల్లో ఉందో కిలోల్లో ఉందో ప్రోగ్రామ్‌కు అక్కర్లేదు. మిల్లీమీటర్ల లెక్కలో అలవాటు కొద్దీ సాంద్రత 7850 అని పెట్టారా, ఆ ఉక్కు బరువు లక్ష కోట్ల రెట్లు పెరిగిపోతుంది. ప్రోగ్రామ్ కిమ్మనదు.

ఇక మా పిల్ల రోజూ వాడే అన్‌సిస్ సంగతి. జాన్ స్వాన్సన్ అనే ఇంజనీరు పిట్స్‌బర్గ్‌లో వెస్టింగ్‌హౌస్ వాళ్ళ ఆస్ట్రోన్యూక్లియర్ లాబరేటరీలో పనిచేసేవాడు. అణుశక్తితో నడిచే రాకెట్ ఇంజన్ల పని అది. విడివిడిగా ఉన్న లెక్కల ప్రోగ్రామ్‌లన్నిటినీ ఒకటి చేద్దామని మష్వరా ఇస్తే పైవాళ్ళు ఒప్పుకోలేదు. 1969లో నౌకరీ వదిలేశాడు. 1970లో పెన్సిల్వేనియాలోని తన పల్లెటూరి ఫామ్ ఇంట్లో సొంత కంపెనీ పెట్టాడు. మొదటి గిరాకీ ఎవరనుకుంటున్నారు? ఆ వెస్టింగ్‌హౌసే.

స్వాన్సన్ ప్రోగ్రామ్ కార్డుల మీద మొదలైనా, టెర్మినల్ ముందు కూర్చుని హుకుంలు టైపు చేసే రోజులకు మారింది. పొట్టి మాటలు: తయారీకి ప్రెప్7, లెక్కకు సోల్యూ, ఫలితానికి పోస్ట్1. ఒక్కోదాని ముందు ఓ స్లాష్. తర్వాత 1990లలో కిటికీలు, మెనూలు వచ్చాయి. దాన్నే ఇప్పుడు 'క్లాసిక్' అంటారు. బూడిదరంగు మెనూలు, నల్లటి తెర. ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చే అన్‌డూ బటన్ కూడా లేదు. అందుకే పైన పెద్దగా రెండు బటన్లు, ఒకటి దాచుకోవడానికి, ఒకటి దాచుకున్నది మళ్ళీ తెచ్చుకోవడానికి. భరోసా లేని పని చేసే ముందు మొదటిది నొక్కడం అక్కడ నమాజుకు ముందు వజూ అంత అలవాటు.

ఆ క్లాసిక్‌లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. మౌస్‌తో మీరు ఎక్కడ నొక్కినా, ఆ నొక్కుకు సమానమైన హుకుం పక్కనే ఒక లాగ్ ఫైల్‌లో రాసుకునేది. ఓ ముక్కను వేలితో చూపించి ఎంచుకుంటే, 'ఎఫ్‌ఐటెమ్, 5, 1' అని నమోదు. చదవడానికి అందంగా ఉండదు, మునసబు రాత లాగా ఉంటుంది. కానీ ఏ వరసలో ఏం చేశారో మొత్తం గవాహీ. ఆ ఫైల్‌ను ఇంకోసారి చదివిస్తే అదే మోడల్ మళ్ళీ లేచి నిలబడుతుంది. షాగిర్దులు భాష నేర్చుకున్నది కూడా అలాగే. మెనూ నొక్కడం, లాగ్‌లో ఏం పడిందో చూడడం, రేపు దాన్నే టైపు చేయడం.

మా చిన్నప్పుడు మొహల్లాలో ఓ కాతిబ్ సాబ్ ఉండేవారు. అప్పట్లో ఉర్దూ అఖ్‌బార్‌లో ప్రతి అక్షరం కలంతో రాసిందే. ఏ కాలమ్ ఎవరు రాశారో ఎడిటర్ దస్తూరి చూసి చెప్పేసేవాడు. నుక్తా ఒకటి ఎగిరిపోయి ఖుదా కాస్తా జుదా అయిందంటే, పిలిచి అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. నేను నౌకరీలో చేరేసరికి కాతిబ్ సాబ్ ఇంట్లో కూర్చుని పెళ్ళి రుక్కాలు రాస్తున్నారు. ఇన్‌పేజ్ లేకపోతే ఉర్దూ పత్రికలు ఇవాళ ఇన్ని ఉండేవి కావు, ఆ మాట ఇమాన్‌దారీగా ఒప్పుకుంటాను. కానీ నుక్తా ఎగిరిపోతే ఇప్పుడు ఎవరిని పిలవాలి?

అన్‌సిస్ పాత యజమాని 1994లో కంపెనీని అమ్మేశాడు. 2000ల మొదట్లో వర్క్‌బెంచ్ అనే కొత్త తెర వచ్చింది. 2009లో వచ్చిన 12వ వెర్షన్‌తో అది ఇప్పుడున్న రూపానికి దగ్గరైంది. డబ్బాలు, వాటి మధ్య గీతలు, ఒక్కో దశ పక్కన ఆకుపచ్చ టిక్కు లేదా పసుపు మెరుపు లేదా ప్రశ్నార్థకం. 2019లో ఆఫీసు సాఫ్ట్‌వేర్లలో ఉండే రిబ్బన్ లాంటిది పైన పరిచారు. డిజైనర్ గీసిన త్రీడీ బొమ్మ నేరుగా లోపలికి వస్తుంది. కొలమానాల హిసాబ్ అదే చూసుకుంటుంది, మిల్లీమీటర్లలో ఇచ్చినా మీటర్లలో ఇచ్చినా మార్చుకుంటుంది. ఆ లక్ష కోట్ల రెట్ల గలతీకి ఇక్కడ గుంజాయిష్ బాగా తక్కువ. ముక్కలు అదే కోస్తుంది, ఏ రకం ముక్కో అదే ఎంచుతుంది. ఇంజనీరింగ్ పూర్తయిన పిల్లలు వారంలో ఓ మాదిరి లెక్క కట్టగలుగుతున్నారంటే ఈ తెర చలవే. మా ఖాందాన్‌లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్ల ఇవాళ జర్మనీవాడి పంపుకు హిసాబ్ చూస్తోందంటే అందులో దీని వాటా ఉంది. దీన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

ఇంకో సదుపాయం కూడా ఉంది. చాలా భాగాలున్న బొమ్మను లోపలికి తెస్తే, ఏ భాగం ఏ భాగానికి తగులుతోందో సాఫ్ట్‌వేర్ తనే కనిపెట్టి సంబంధాలు కలుపుతుంది. ఏ సంబంధం? మీరేమీ చెప్పకపోతే 'బాండెడ్'. అంటే జిగురు పెట్టి అతికించినట్టు, ఎంత లాగినా విడిపోనట్టు.

మా పిల్ల బ్రాకెట్‌లో జరిగింది అదే. రెండు ప్లేట్లు, నాలుగు బోల్టులు. నిజంలో ప్లేట్లను పట్టి ఉంచేవి బోల్టులే. లాగితే ప్లేట్ల మధ్య సందు విచ్చుకోవాలి, బోల్టు రంధ్రాల దగ్గర ప్లేటు వంగాలి. మోడల్‌లో మాత్రం రెండు ప్లేట్ల మొహాలు మొత్తంగా అతుక్కుపోయి బరువంతా పంచుకున్నాయి, బోల్టులు ఖాళీగా కూర్చున్నాయి. అంకెలు తక్కువగా వచ్చాయి. ఆకుపచ్చ టిక్కులన్నీ పడ్డాయి. రిపోర్టు తయార్.

ఆ టిక్కుకు మతలబ్ లెక్క తాజాగా ఉందని మాత్రమే. లెక్క సహీ అని సాఫ్ట్‌వేర్ ఏనాడూ అనలేదు, చూసేవాళ్ళే అలా చదువుకుంటారు.

ఆ సెక్షన్‌లో ఓ పెద్దాయన. యాభై ఎనిమిదేళ్ళు, క్లాసిక్ కాలం మనిషి, మెనూ ముట్టకుండా హుకుంలతోనే మోడల్ కట్టేవాడు. రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు బొమ్మ చూడలేదట. "లోపలి ఫైల్ తెరువమ్మా" అన్నాడు. పేజీలు దింపుతూ పోయి ఒకచోట ఆగాడు. కాంటాక్ట్ లైన్, 12వ కీ-ఆప్షన్, విలువ 5. "ఐదంటే ఎప్పటికీ అతుక్కుని ఉండమని. ఈ రెండు ప్లేట్లను ఎవరు అతికించారమ్మా?"

"ఎవరూ అతికించలేదు సార్. బోల్టులే."

"మరి ఇక్కడ అతికించి ఉంది కదా."

నన్ను పట్టుకున్నది ఈ మాటే. అతికించినవాళ్ళు ఎవరూ లేరు, అతికించి మాత్రం ఉంది. మా వృత్తిలో దీనికో వాక్యం ఉంది, 'నిర్ణయించబడింది' అని. ప్రెస్‌నోట్‌లో ఆ మాట కనబడితే, నిర్ణయించినవాడు ఎవడో అడగమని మొదటి ఎడిటర్ నాకు నేర్పాడు. సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్ అనేది అలాంటి కర్త లేని వాక్యం.

ఆమె ప్లేట్ల మధ్య అతుకు తీసేసి రాపిడి పెట్టి, బోల్టులకు బిగింపు ఇచ్చి మళ్ళీ లెక్క కట్టింది. రంధ్రం అంచున స్ట్రెస్ రెట్టింపు దాటింది. బ్రాకెట్ మందం పెంచాల్సి వచ్చింది. రెండు రోజులు ఆలస్యమైందని మేనేజర్ దగ్గర చీవాట్లు తిన్నది. ఆలస్యం లెక్కలోకి వచ్చింది, విరగకుండా మిగిలిన బ్రాకెట్‌కు లెక్క ఎక్కడా లేదు.

ఇక్కడిదాకా చదివి 'చూశారా, పాతదే మేలు' అనేవాళ్ళకు ఓ వాకియా చెప్పాలి. నార్వేలో సముద్రం మీద చమురు, గ్యాస్ తీయడానికి స్లైప్నర్-ఎ అనే వేదిక కట్టారు. అడుగున కాంక్రీటు పునాది, 24 గదులు. 1991 ఆగస్టు 23న స్టావంగర్ దగ్గరి గండ్స్‌ఫ్యోర్డ్‌లో దాన్ని నీళ్ళలోకి దింపి పరీక్షిస్తుండగా ఒక గది గోడ పగిలింది. పునాది మొత్తం మునిగి, అడుగుకు కొట్టుకున్న దెబ్బ భూకంప యంత్రాల్లో 3.0గా నమోదైంది. ప్రాణనష్టం లేదు. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. విచారణలో తేలిందేమిటంటే, గదుల గోడలు కలిసే చోట నాస్ట్రాన్‌తో చేసిన లెక్కలో ముక్కలు సరిగా లేవు, అక్కడి కోత ఒత్తిడిని 47 శాతం తక్కువగా చూపించింది. గోడ పల్చనైంది. ప్రమాదం తర్వాత బారీకీగా మళ్ళీ లెక్క కడితే 62 మీటర్ల లోతులో పగలాలని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. లెక్క కట్టే తర్కీబ్‌లో కసూర్ లేదు, పెట్టిన మెష్‌లో ఉంది. అది వర్క్‌బెంచ్ రాకముందు సంగతి. అప్పటి డెక్ ఫైల్ ఎవరైనా తెరిచి చదవగలిగేదే, ఆ మూల మీద మాత్రం నజర్ పడలేదు. కాబట్టి ఇబారత్ ఉన్నంత మాత్రాన హిఫాజత్ లేదు. ఇబారత్ ఉంటే, తప్పు ఎక్కడ దూరిందో తర్వాతైనా వేలు పెట్టి చూపించొచ్చు. నేను దానికి ఇచ్చే విలువ అంతవరకే.

పెద్దాయన సంగతి చెప్పలేదు. ఆ కంపెనీలో ఎవరికి ఏ సాఫ్ట్‌వేర్ వచ్చో పట్టిక వేశారు. కొత్త తెర గడిలో ఆయనకు సున్నా పడింది. డెక్ చదవడం వచ్చా అనే గడి ఆ పట్టికలో లేదు. మూడు నెలల్లో ఆయన్ని సాగనంపారు. శాలువా కప్పారు, ఫొటో తీశారు.

తమాషా ఏమిటంటే గత కొన్నేళ్ళుగా గాలి మళ్ళీ అటే తిరుగుతోంది. ఒకే బ్రాకెట్‌ను వంద రకాల మందాలతో లెక్క కట్టాలంటే వందసార్లు క్లిక్ చేయడం ఎవరి తరం? అందుకని పైథాన్‌లో రాసి అన్‌సిస్‌ను నడిపించే పద్ధతి వచ్చింది. అంటే మళ్ళీ లైన్లు, కామాలు, హుకుంలు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు దీన్ని కొత్త హునర్ అంటున్నారు. ఈ కబురు మా పిల్ల ఫోన్‌లో చెబితే పెద్దాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడట.

ఇప్పుడు ఆదివారాలు ఆమె ఆయనింటికి వెళ్తోంది, దిల్‌సుఖ్‌నగర్‌కు. ఆయన భార్య ఉప్మా పెడుతుంది, వీళ్ళిద్దరూ పాత డెక్‌లు ముందేసుకుని చదువుతారు. పోయిన వారం ఓ ఫైల్ నాకూ చూపించింది. నాకు అందులో అంకెలు తప్ప ఏమీ తెలియలేదు. ఓ చోట మాత్రం ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి ఒక వాక్యం ఉంది. ఆ గుర్తు తర్వాత ఏం రాసినా సాల్వర్ పట్టించుకోదట, అది మనుషుల కోసం రాసుకునే జాగా. ఇంగ్లీషు అక్షరాల్లో మన దక్కనీ: "ఏ కాంటాక్ట్ మై బద్లీ, బోల్ట్ కే వాస్తే." కింద తన పేరు, తారీఖు.

"క్లయింట్ చదివితే?" అన్నాను.

"చదవనీ చాచా. అడిగితే చెప్తా."